మెమ్‌టెస్ట్‌లో ఎర్రర్లు వస్తున్నాయి, షాపులో మాత్రం ర్యామ్ బాగుందంటున్నారు. ఏది నమ్మాలి?

పల్నాడు_ఆల్బమ్స్:

అందరికీ నమస్కారం. నరసరావుపేటలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. సిస్టమ్ రైజెన్ 5 5600, రెండు స్లాట్ల బోర్డు. 8 జీబీ డీడీఆర్4 3200 స్టిక్కులు రెండున్నాయి. ఒకటి సిస్టమ్‌తో వచ్చింది, రెండోది అదే కంపెనీ అదే మోడల్, మాఘమాసం ముహూర్తాల ముందు విడిగా కొన్నాను. తిప్పలు అప్పటినుంచే మొదలు.

కార్డు నుంచి ఫొటోలు కాపీ చేస్తే వందల్లో ఏ ఒకటో రెండో పాడవుతున్నాయి. పై సగం శుభ్రంగా ఉంటుంది, పెళ్లికూతురి మెడ దగ్గర నుంచి కిందంతా గులాబీ రంగుకు తిరిగిపోతుంది. రాత్రి సేవ్ చేసిన పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైల్) పొద్దున తెరుచుకోదు. ల్యాబ్‌కు పంపిన జిప్ అక్కడ విప్పితే సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైల్ పాడైందని, అంటున్నారు. బ్లూ స్క్రీన్ సరేసరి, మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తుంది. అదీ మధ్యాహ్నం పూటే ఎక్కువ.

షాపుకు తీసుకెళ్తే విండోస్ మళ్లీ వేసి ఇచ్చారు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. రెండోసారి వెళ్తే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపి, ఎర్రర్లు లేవని నాకే చూపించారు. మా మేనల్లుడు పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) వేసి రాత్రంతా వదిలేస్తే టెస్ట్ 7, టెస్ట్ 8లలో ఎర్ర గీతలే. చివర్లో హ్యామర్ టెస్ట్‌లోనూ వచ్చాయి. అడ్రస్ ఒక్కోసారి ఒక్కోటి చూపిస్తుంది కానీ, బిట్స్ ఇన్ ఎర్రర్ అనే చోట మాత్రం ఎప్పుడూ 00040000.

వైశాఖం ముహూర్తాలు నెత్తిమీద ఉన్నాయి. షాపు మాట నమ్మాలా, ఈ టెస్టునా? ర్యామే అయితే రెండింటిలో ఏది?

ఫ్రేమ్‌రేట్_బాబు:

బయోస్‌లో (మెషిన్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ ఆఫ్ చెయ్యి బ్రో, ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగంతో నడిపేది అదే. ర్యామ్ 2400కి దిగుతుంది, ఎర్రర్లు పోతాయి. ఫొటోషాప్‌కి ఆ తేడా తెలియనే తెలియదు. ఇంత టెన్షన్ అక్కర్లేదు.

ఓరుగల్లు_హార్డ్‌వేర్:

పై తమ్ముడు చెప్పినట్టు చేస్తే పని నడవొచ్చు. కానీ డబ్బు 3200కి కట్టి 2400తో సరిపెట్టుకోవడం ఎందుకన్నా? వారంటీ ఉండగా అసలు దోషి ఎవరో తేల్చుకోండి.

హన్మకొండలో రిపేర్ బెంచి మీద నేను రోజూ చూసేది ఇదే. మెమరీ టెస్ట్ పాసైతే ఆ పూట, ఆ వేడిలో, ఆ టెస్టుకు ఏమీ దొరకలేదని అర్థం, అంతవరకే. ఎర్రర్ వచ్చిందంటే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టే. ఒక్క ఎర్రర్ వచ్చినా సరే, పని చేసుకునే మెషిన్‌లో నేను ఒప్పుకోను. కాబట్టి మీ రెండు టెస్టుల్లో ఎర్రర్ చూపించిన దాన్నే నమ్ముతాను.

విండోస్ టెస్ట్ మరీ తీసిపారేసేది కాదు. మామూలుగా స్టాండర్డ్‌లో నడుస్తుంది. ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ పెడితే కొంచెం గట్టిగా వెతుకుతుంది, గంటలు పడుతుంది. షాపుల్లో అంత ఓపిక ఎవరికుంది? పైగా అక్కడ ఏసీ, కేబినెట్ మూత తీసి ఉంటుంది. మీ గదిలో మధ్యాహ్నం వేడి వేరు. ర్యామ్‌లో ఒక్కో బిట్ చిన్న కెపాసిటర్‌లో నిలిచే చార్జ్. అది కారిపోతూనే ఉంటుంది, అందుకే చిల్లికుండలో నీళ్లు అయిపోకముందే మళ్లీ పోసినట్టు ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు తిరిగి నింపాలి. వేడెక్కేకొద్దీ కారడం పెరుగుతుంది. 85 డిగ్రీలు దాటితే ఇంకా రెట్టింపు వేగంతో నింపాలని ప్రమాణమే చెబుతుంది. బలహీనమైన చిప్ రాత్రి పాసై మిట్టమధ్యాహ్నం ఫెయిలవడంలో వింతేమీ లేదు. మీది రాత్రే దొరికిందంటే బాగానే ముదిరింది.

ఇక ఆ 00040000 సంగతి. మంచి పని చేశారు దాన్ని గమనించి, చాలామంది ఎర్ర గీతలు చూసి కంగారుపడి అక్కడే ఆగిపోతారు. రాసిన విలువకు, తిరిగి చదివిన విలువకు ఏ బిట్‌లో తేడా వచ్చిందో అది చెబుతుంది. మీకు ఎప్పుడూ ఒకే బిట్. అడ్రస్ కూడా ప్రతిసారీ ఒక్కటే అయితే ఏదో ఒక సెల్ చచ్చిందనుకోవచ్చు. అడ్రస్ మారుతూ బిట్ మారకపోతే, స్టిక్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే 64 డేటా లైన్లలో ఒకదాని మీద అనుమానం. అంటే ఒక చిప్, లేదా స్లాట్‌లో ఆ పిన్ దగ్గర కాంటాక్ట్. బిట్లు కూడా ఇష్టమొచ్చినట్టు మారుతుంటే అప్పుడు వోల్టేజ్, టైమింగ్, పవర్ సప్లై వైపు చూసేవాణ్ని.

హ్యామర్ టెస్ట్‌లో వచ్చినవి పక్కన పెట్టండి. ఒకే వరుసను పదేపదే తెరిచి మూస్తే పక్క వరుసలోని బిట్లు తిరగబడతాయని 2014లో పరిశోధకులు పేపర్ రాశారు, ఆ బలహీనత చాలా మంచి స్టిక్కుల్లోనూ ఉంది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని నేను ర్యామ్ మార్చమనను. మీకు 7, 8లలో వచ్చాయి కాబట్టే ఇంత చెప్పడం.

రెండు స్టిక్కులూ పెట్టి ఉంటే అడ్రస్‌ను బట్టి ఏది చెడిందో చెప్పలేం, డేటా రెండింటి మీదా పంచుకుని వెళ్తుంది. విడివిడిగా పట్టాల్సిందే. పవర్ ప్లగ్ పీకేసి, కేబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని స్టిక్కులు తీయండి. బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి (రబ్బరుతో రుద్దడం మా దగ్గర అందరికీ అలవాటే, నాకు నచ్చదు, పూత అరుగుతుంది). పాత స్టిక్ ఒక్కటే ఒక స్లాట్‌లో పెట్టి ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే నడపండి. తర్వాత అదే స్లాట్‌లో కొత్తది. తర్వాత కొత్తదాన్ని రెండో స్లాట్‌లో. స్టిక్‌తో పాటు ఎర్రర్ కదిలితే స్టిక్, స్లాట్‌లోనే ఉండిపోతే బోర్డు. చివరగా చెడ్డదాన్ని ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి చూడండి. ఒక పరుగైనా మధ్యాహ్నం, మూత వేసి. మెమ్‌టెస్ట్ ఉచిత వెర్షన్ 4 పాస్‌లతో (టెస్టులన్నీ నాలుగు చుట్లు) ఆగిపోతుంది, అది చాలు. కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది, యూపీఎస్ చూసుకోండి.

సర్వర్_రూమ్_హైదరాబాద్:

ఓరుగల్లు గారు హార్డ్‌వేర్ సంగతి చెప్పేశారు. నాకు మీ ఫైళ్ల గురించే భయంగా ఉందండి.

ఫొటో సగం నుంచి రంగు మారడం ఇలాంటి లోపానికి అచ్చుగుద్దిన లక్షణం. జేపెగ్‌లో డేటా ఒకదాని వెనక ఒకటి గొలుసుగా కుదించి ఉంటుంది. మధ్యలో ఒక్క బిట్ తిరగబడితే అక్కడినుంచి లెక్క తప్పుతుంది. అదే కుదించని ఫైల్ అయితే ఒక చుక్క రంగు మారి ఊరుకునేది, మీకు తెలిసేది కూడా కాదు. అంటే మీకు కనబడినవి కాక, కనబడకుండా చెడినవి కూడా ఉండొచ్చు. షాపువాళ్లు మళ్లీ వేసిన విండోస్ కూడా ఈ ర్యామ్ మీదుగా వెళ్లి డిస్క్‌లో కూర్చున్నదే. ర్యామ్ తేలాక దాన్ని ఇంకోసారి వేయక తప్పదు.

అప్పటిదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి, బయోస్ అప్‌డేట్ జోలికి అసలు వెళ్లకండి. మంచి ర్యామ్‌తో ఉన్నప్పుడు 7-జిప్ రైట్ క్లిక్ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) వస్తుంది. కార్డులోని ఫోల్డర్‌కు, డిస్క్‌లోని ఫోల్డర్‌కు రెండూ తీసి కలుస్తాయో లేదో చూడండి. కలవకపోతే కార్డు నుంచి మళ్లీ కాపీ చేసుకోండి.

మా సర్వర్లలో ఈసీసీ ర్యామ్ ఉంటుంది, ఒక బిట్ తప్పితే తనే దిద్దుకుని లాగ్‌లో రాస్తుంది. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా స్టిక్కుల్లో ఏదో ఒక ఎర్రర్ కనబడింది. మామూలు డెస్క్‌టాప్‌లో చెప్పే దిక్కు లేదు, ఇలా ఫొటోలే చెప్పాలి.

పల్నాడు_ఆల్బమ్స్:

అన్నా, మేడమ్, ఇద్దరికీ థాంక్స్. ఫలితాలివి.

పాత స్టిక్ మొదటి స్లాట్‌లో 3200 మీద రాత్రంతా నడిచింది, ఒక్క ఎర్రర్ లేదు. కొత్తది అదే స్లాట్‌లో మధ్యాహ్నం పెడితే భోజనం చేసి వచ్చేసరికే ఎర్రబడింది, అదే 00040000. రెండో స్లాట్‌లోనూ అదే బిట్. ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేస్తే ఫ్రేమ్‌రేట్ తమ్ముడు చెప్పినట్టే 2400 మీద మళ్లీ మధ్యాహ్నమే శుభ్రంగా పాసైంది.

షాపుకు వెళ్తే "రెండూ జంటగా అమ్మిన కిట్ కాదు, అందుకే పొసగట్లేదు" అన్నారు. ఒక్కటే పెట్టినా ఎర్రర్ వస్తుంటే పొసగకపోవడం దేనితో అని అడిగాను. 3200 అంటే ఓవర్‌క్లాక్, గ్యారంటీ ఉండదన్నారు. పెట్టె మీద 3200 అని మీరే చూపించి అమ్మారు కదా, ఎఎండి కూడా ఈ ప్రాసెసర్‌కు 3200 వరకు అధికారికంగా రాసింది కదా అన్నాను. అప్పుడు వాళ్ల బెంచి మీదే, వాళ్ల బోర్డులోనే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి పెన్‌డ్రైవ్ పెట్టించాను. ఏసీలో కూడా వచ్చాయి ఎర్ర గీతలు. ఇక మాట్లాడకుండా రీప్లేస్‌మెంట్‌కు రాసుకున్నారు. వచ్చేదాకా పాత స్టిక్ ఒక్కదానితో నడపాలి. 8 జీబీతో ఆల్బమ్ షీట్లు లాగుతాయా? కొత్తది వచ్చాక మళ్లీ ఇదంతా చేయాలా?

ఓరుగల్లు_హార్డ్‌వేర్:

లాగుతాయి, మెల్లగా. ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్‌ను (ర్యామ్ చాలనప్పుడు అది వాడుకునే డిస్క్) ఎస్‌ఎస్‌డీకి మార్చండి, హిస్టరీ స్టేట్స్ (అన్‌డూ కోసం దాచుకునే అడుగులు) తగ్గించండి, బ్రౌజర్ మూసేయండి.

కొత్తది రాగానే దాన్ని ఒంటరిగా ఒకసారి, పాతదానితో కలిపి ఒకసారి నడపండి. అదే మోడల్ పేరుతో లోపల వేరే చిప్పులు వేసి పంపుతుంటారు. విడిగా పాసై కలిపితే ఫెయిలైతే అప్పుడు నిజంగానే పొసగనట్టు, 2933కి దించి మళ్లీ టెస్ట్ చేయండి. అది పాసయ్యాకే విండోస్ వేయండి, ముందు వద్దు.