తొట్టిలో బాలయేసు ఎప్పుడు ఉండాలి? డిసెంబరు 19 నాటి క్రిస్మస్ వేడుకపై చర్చ

ఊదావత్తి (డిసెంబరు 9, రాత్రి 8.40)

మన బడిలో క్రిస్మస్ వేడుక డిసెంబరు 19, శుక్రవారం జరుగుతుందని పిల్లల డైరీల్లో చీటీ అంటించి పంపారు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల పాటు ఎదురుచూసే ఆగమన కాలం ఈ ఏడాది నవంబరు 30న మొదలైంది, నాలుగో ఆదివారం డిసెంబరు 21న వస్తుంది. అంటే వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగించే ఆగమన వలయంలో నాలుగోది వెలగకముందే మన వేదిక మీద బాలయేసు పుట్టేస్తాడు, జ్ఞానులు వచ్చి కానుకలిచ్చి వెళ్లిపోతారు, పిల్లలు సెలవులకు ఇళ్లకు పోతారు. కతోలిక బడి అని గేటు మీద రాసుకున్న చోట ఇది సబబేనా అని అడుగుతున్నాను. క్రిస్మస్ కాలం డిసెంబరు 25తో ముగియదు, అప్పుడే మొదలవుతుంది. జనవరి 11న ప్రభువు జ్ఞానస్నాన పండుగ వరకు అది సాగుతుంది కనుక, బడి తెరిచిన మొదటి వారంలోనే ఈ వేడుకను నిండు మనసుతో జరుపుకోవచ్చు. ఇక హాలు ముందు కట్టిన పశువుల పాకలో డిసెంబరు 5నే బాలయేసు బొమ్మను పడుకోబెట్టారు. ఇది మరీ తొందర.

నల్లబల్ల (డిసెంబరు 9, రాత్రి 9.25)

ఊదావత్తి గారూ, మీరు చెప్పిన తేదీలు సరైనవే. కానీ జనవరి మొదటి వారంలో బడి ఎలా ఉంటుందో తరగతి గదిలో నిలబడేవారికి తెలుస్తుంది. పిల్లల్లో సగం మంది ఊళ్ల నుంచి తిరిగి రారు, వచ్చినవారికి పండుగ అప్పటికే పాతబడిపోయి ఉంటుంది, ఆ వారంలోనే మేము మార్కుల పట్టికలు పూర్తి చేయాలి. రెక్కలకు అట్టలు కత్తిరించి, జరీ కాగితం అంటించి, దేవదూతల వరుసలో ఎవరు ఎవరి పక్కన నిలబడితే ఏడవరో చూసుకొని, ఇంత చేశాక ఖాళీ కుర్చీల ముందు వాళ్లను ఆడించమంటారా? పండుగ వాతావరణం డిసెంబరులో ఉంటుంది కాబట్టే వేడుకను డిసెంబరులో పెడుతున్నాం.

వెనకబెంచి (డిసెంబరు 9, రాత్రి 9.31)

పిల్లలు సంతోషంగా ఉన్నారు కదా, అది చాలదా?

ఊదావత్తి (డిసెంబరు 9, రాత్రి 10.15)

చాలదు. సంతోషానికీ ఒక వేళ ఉంటుందని కతోలిక తిరుసభ చెబుతోంది. పూజ ఎలా జరపాలో చెప్పే రోమను పూజా గ్రంథపు సాధారణ నిర్దేశంలో 305వ పేరా చూడండి. ఆగమన కాలంలో గుడిలో పూజ జరిపే పీఠం మీది పూల అలంకరణ మితంగా, ఆ కాలానికి తగినట్లుగా ఉండాలనీ, ప్రభువు జననపు సంపూర్ణ ఆనందాన్ని ముందుగానే వ్యక్తం చేయకూడదనీ అందులో ఉంది. ఆగమన కాలపు ఆదివారాల్లో మహిమ గీతం పాడకపోవడం కూడా అందుకే: దేవదూతలు ఆ రాత్రి పాడిన పాటను ఆ రాత్రి కోసమే దాచి ఉంచుతాం. పూల గుత్తి విషయంలోనే ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు, రంగుదీపాలూ తాతయ్య వేషమూ ఎలా సరిపోతాయో ఎవరైనా చెప్పాలి.

నల్లబల్ల (డిసెంబరు 9, రాత్రి 10.48)

మీరే ఉటంకించిన పేరాలో "పీఠం" అనే మాట ఉంది. మన హాలు పీఠం కాదు. మధ్యాహ్నం పిల్లలు భోజనం చేసేదీ, వాన పడితే డ్రిల్లు జరిగేదీ అక్కడే. రోములో పునీత పేతురు చౌకులో (సెయింట్ పీటర్స్ స్క్వేర్) క్రిస్మస్ చెట్టును, పశువుల పాకను పండుగకు ముందే ఆవిష్కరిస్తారు. రెండవ జాన్ పాల్ జగద్గురువు (పోపు) కాలంలో, 1982లో, అక్కడ చెట్టు నిలబెట్టడం మొదలైంది. జగద్గురువు కిటికీ ఎదుట లేని అభ్యంతరం మన భోజనాల హాల్లో ఎక్కడి నుంచి వచ్చింది?

ఊదావత్తి (డిసెంబరు 9, రాత్రి 11.02)

ఆ పాకలో డిసెంబరు 24 రాత్రి వరకు బాలయేసు ఉండడు. నేను అడుగుతున్నది ఆ ఒక్క విషయమే.

నల్లబల్ల (డిసెంబరు 9, రాత్రి 11.09)

లేదు, మొదట వేడుకను జనవరికి మార్చమన్నారు, ఇప్పుడు బొమ్మ దగ్గరికి వచ్చారు. బొమ్మ గురించే అయితే ఇది కూడా వినండి. సాధారణంగా ఆగమన కాలపు మూడో ఆదివారం నాడు రోము పిల్లలు తమ ఇళ్లలోని బాలయేసు బొమ్మలను చౌకుకు తెచ్చి జగద్గురువు చేత ఆశీర్వదింపజేసుకుంటారు. ఆ బొమ్మలను చూసినందుకు ఆ పిల్లల పండుగ చెడిపోలేదు.

మూడోగొల్ల (డిసెంబరు 10, ఉదయం 6.50)

మీ ఇద్దరి శాస్త్రచర్చకు అడ్డు వస్తున్నందుకు మన్నించండి. తేదీ ఏదైనా మా ఇంటికి ఒకటే. మా అబ్బాయి మూడేళ్లుగా గొల్లవాడి వేషమే వేస్తున్నాడు, అదీ మూడో గొల్ల. మొదటి గొల్లకు "అదిగో నక్షత్రం" అనే మాట ఉంది, రెండో గొల్లకు గొర్రెపిల్ల ఉంది, మూడో గొల్ల చేసేది వారి వెనుక మోకరిల్లడమే. యోసేపు వేషం ఏటా ఎవరి ఇంటికి వెళుతున్నదో అందరికీ తెలిసిందే. ముందు దీని మీద ఒక చర్చ పెట్టండి.

పాతపలక (డిసెంబరు 10, ఉదయం 8.20)

ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పి విరమించుకున్నవాణ్ని కనుక రెండు సంగతులు చెప్పనివ్వండి. మీరు ఇంత గౌరవంగా మాట్లాడుకుంటున్న ఆగమన వలయం పుట్టింది గుడిలో కాదు, పేదపిల్లల ఆశ్రమంలో. జర్మనీలోని హాంబర్గులో యోహాన్ విఖెర్న్ అనే లూథరన్ (ప్రొటెస్టెంటు) బోధకుడి దగ్గర పెరిగే పిల్లలు క్రిస్మస్ ఎప్పుడు, ఇంకా ఎన్నాళ్లు అని రోజూ ప్రాణం తీసేవారట. ఆయన 1839లో ఒక పాత బండిచక్రం తీసుకొని, దాని మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మామూలు రోజులకు ఇరవై చిన్న ఎర్ర కొవ్వొత్తులు నిలబెట్టి, రోజుకొకటి వెలిగించాడు. ఎదురుచూడటం పిల్లలకు చేతకాదని ఆయన అనుకోలేదు. ఎదురుచూపును వాళ్ల కళ్లకు కనిపించేలా చేశాడు. దీన్నిబట్టి తీర్పు చెప్పమంటే నేను ఊదావత్తి వైపే మొగ్గుతాను. అయితే ఆ చక్రం ఒక ప్రొటెస్టెంటు కానుక కాబట్టి, ఏది అసలైన కతోలిక సంప్రదాయమో తేల్చే ఉత్సాహాన్ని ఇద్దరూ కాస్త తగ్గించుకుంటే బాగుంటుంది.

రెండోది, పునీత అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో గ్రెచ్చో గ్రామంలో పశువుల పాకను ఏర్పాటు చేసినప్పుడు అక్కడ ప్రతిమలే లేవు. ఎండుగడ్డి పరిచిన తొట్టి, ఒక ఎద్దు, ఒక గాడిద, దివ్యబలిపూజ, అంతే.

ఊదావత్తి (డిసెంబరు 10, ఉదయం 9.05)

ధన్యవాదాలు మాస్టారూ. ఖాళీ తొట్టికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం నాకు అక్కరలేదు. దాచడం నా స్వభావం కాదు కనుక ఇది కూడా చెప్పేస్తున్నాను: సోమవారం ఉదయం పాపను దింపడానికి వచ్చినప్పుడు పాకలోని బాలయేసు బొమ్మను తీసి, చేతిరుమాలులో చుట్టి, పాక వెనుక గడ్డి కింద భద్రంగా పెట్టింది నేనే. 24వ తేదీన మళ్లీ తీయవచ్చు కదా అనుకున్నాను.

నల్లబల్ల (డిసెంబరు 10, ఉదయం 9.12)

మీరా?

సోమవారం ప్రార్థన గంట కొట్టేసరికి ఒకటో తరగతి పిల్లలు నలుగురు పాక ముందు నిలబడి, బాలయేసును దొంగలు ఎత్తుకుపోయారని ఏడుస్తున్నారు. ఆ పాక తుడిచేది ఆయమ్మ కనుక ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచి, ఎక్కడ పారేశావని అందరి ముందూ అడిగారు. ఆమె చెత్తబుట్ట మొత్తం నేల మీద బోర్లించి, మోకాళ్ల మీద కూర్చొని, జరీ కాగితం ముక్కల్లో వెతికింది. నేను కళ్లారా చూశాను. మీరు 305వ పేరా చదివారు సరే, మీ భక్తికి మూల్యం చెల్లించింది ఎవరో ఒక్కసారైనా ఆలోచించారా? ఆగమన కాలం తపస్సు కాలం అంటారు, ఆ తపస్సు ఆయమ్మ చేత చేయిస్తారా?

వెనకబెంచి (డిసెంబరు 10, ఉదయం 9.15)

అబ్బో.

గంటస్తంభం (నిర్వాహకులు, డిసెంబరు 10, ఉదయం 9.40)

సభ్యులు మాటలు జారవద్దు. బొమ్మ దొరికిన సంగతి ఆఫీసుకు ఇప్పుడే తెలియజేశాను. చర్చను కొనసాగించవచ్చు.

ఊదావత్తి (డిసెంబరు 10, ఉదయం 10.30)

ఆయమ్మ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే సోమవారమే వచ్చి చెప్పేవాణ్ని. రేపు ఉదయం బడికి వచ్చి ఆమెకూ, ఆఫీసులో ఆమెను నిలదీసినవారికీ ఎదురుగా చెబుతాను. నా తప్పును తక్కువ చేసి చూపను.

కానీ అక్కడి దాకా ఎందుకు వచ్చానో కూడా వినండి. డిసెంబరు 1న, మొదటి సోమవారం, ఉదయపు ప్రార్థనలో వలయం వెలిగించారు. మా పాప ఆ రోజు అగ్గిపుల్ల గీసిన అక్క పక్కన నిలబడింది. సాయంత్రం ఇంటికి వచ్చి గ్లాసు బోర్లించి, దాని చుట్టూ నాలుగు క్రేయాన్లు నిలబెట్టి, ఒకటి మాత్రం బయటకు లాగి "ఇది వెలిగింది" అన్నది. వారమంతా రెండోదాన్ని ముట్టుకోనివ్వలేదు. 8వ తేదీన, మరియమ్మకు చెందిన అమలోద్భవి మాత పండుగ నాడు, రెండో వత్తి వెలగాలి. ఆ ప్రార్థన సమయాన్ని నృత్యం రిహార్సలుకు ఇచ్చేశారు. వలయాన్ని స్పీకర్ల డబ్బా మీద పెట్టి, దాని మీద ఎవరిదో దేవదూత రెక్క ఆరబెట్టారు. ఆ పూట బొమ్మ మీద చేయి వేయించింది ఆ రెక్కే. ఏడు నిమిషాల ప్రార్థన గురించి రెండుసార్లు ఉత్తరం రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. వేడుకకు మాత్రం వచ్చే ఏడాది చేరబోయే పిల్లల తల్లిదండ్రులను మొదటి వరుసలో కూర్చోబెడతారని అందరికీ తెలుసు. నా పాపకు ఆగమన కాలం దొరకాలని ఈ బడిలో చేర్పించాను. బడి దాన్ని కొత్తవారికి చూపించే ప్రకటనకు వాడుకుంటోంది.

రెండోవరుస అమ్మ (డిసెంబరు 10, మధ్యాహ్నం 1.10)

ఇప్పటివరకు చదువుతూ ఊరుకున్నాను. మేము క్రైస్తవులం కాము. డిసెంబరు 24 రాత్రి మేము ఏ గుడికీ వెళ్లం, కనుక మా అమ్మాయి జీవితంలో క్రిస్మస్ అంటే ఈ బడి హాలే. ఊదావత్తి గారు కోరినట్లు తొట్టిని ఖాళీగా ఉంచి సెలవులిచ్చేస్తే, మా అమ్మాయి దృష్టిలో అది ఎప్పటికీ ఖాళీ తొట్టిగానే మిగిలిపోతుంది. మీ పిల్లలకు 24వ తేదీ ఉంది, మా పిల్లలకు లేదు. ఇది మీ బడి కదా అంటే నా దగ్గర జవాబు లేదు. మా బడి కూడా అని మాత్రం ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఒకటో తరగతి టీచర్ గారు మంచి పని చేసిన ప్రతి బిడ్డ చేతా తొట్టిలో ఒక గడ్డిపరక వేయిస్తున్నారు. తొట్టి మెత్తబడితే పాప నిద్రపోతుందని చెప్పారట. సోమవారం బొమ్మ లేదని తెలిసి మా అమ్మాయి ఏడవలేదు. "గడ్డి ఇంకా చాలలేదేమో, అందుకే వెళ్లిపోయాడు" అన్నది.

నల్లబల్ల (డిసెంబరు 10, సాయంత్రం 5.20)

ఆ ఒకటో తరగతి టీచర్‌ను నేనే.

ఉదయం కోపంలో రాసిన చివరి వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, మిగిలినవాటిని కాదు. 19వ తేదీని నేను నిర్ణయించలేదు. ఏ ఉపాధ్యాయురాలినీ అడగలేదు. డైరీ చీటీ మీకు చేరిన రోజే మాకూ తెలిసింది. ప్రార్థన సమయాన్ని రిహార్సలుకు ఇచ్చినప్పుడు స్టాఫు గదిలో నేనూ అభ్యంతరం చెప్పాను, జవాబు మీకు వచ్చినట్లే నాకూ వచ్చింది. రెక్క సంగతి నిజం. అది మా తరగతిదే, జిగురు ఆరలేదు, పెట్టడానికి వేరే చోటు లేదు.

అయినా మీ ప్రతిపాదనకు నేను ఒప్పుకోలేను. నా తరగతిలో ముప్పై నలుగురిలో కతోలికులు తొమ్మిది మంది. జనవరి వేడుక ఆ తొమ్మిది మందికి శాస్త్రప్రకారం సరిపోతుంది, మిగిలిన ఇరవై ఐదు మందికి ఏమీ మిగల్చదు. మీరు కతోలిక బడి అన్నప్పుడు మీకు ఆ తొమ్మిది మందే కనిపిస్తున్నారు.

ఊదావత్తి (డిసెంబరు 10, సాయంత్రం 6.45)

కతోలిక బడి అన్నప్పుడు నాకు ఆ తొమ్మిది మందే కనిపించడం లేదు. అమ్మగారి మాట నన్ను ఇబ్బంది పెట్టింది, దాచను. కానీ వేడుకలో కలుపుకొని ఆగమనంలో కలుపుకోకపోతే ఆ ఇరవై ఐదు మందికి మనం ఇచ్చేది మన పండుగలో పైపొర మాత్రమే. గడ్డిపరక వేసిన ఆ బిడ్డకు ఎదురుచూడటం వచ్చు. స్పీకర్ల డబ్బా పక్కన నిలబడి నేర్చుకున్నది కాదు అది.

19వ తేదీ ఇక మారదని నాకూ తెలుసు. మిగిలిన సోమవారం ఒక్కటే, 15వ తేదీ. ఆ ఏడు నిమిషాలు వెనక్కి ఇవ్వమని ఈసారి ఇద్దరం కలిసి సంతకం చేసి అడుగుదామా? జనవరి గురించి మీతో తగాదా అలాగే ఉంటుంది.

నల్లబల్ల (డిసెంబరు 10, రాత్రి 7.10)

సంతకం చేస్తాను. బొమ్మను మాత్రం 19న తొట్టిలో పెడతాను, అదీ పిల్లల చేతులతోనే. ముందు రేపు ఆయమ్మను కలవండి. ఆమె ఏడున్నరకే వస్తుంది.

పాతపలక (డిసెంబరు 10, రాత్రి 7.30)

రెండు వారాలకు కలిపి ఒకేసారి వెలిగించవద్దు. 15న ముందు రెండోది వెలిగించి, కాసేపు ఆగి, అప్పుడు మూడో వారానిదైన గులాబీ రంగుది వెలిగించండి.

మూడోగొల్ల (డిసెంబరు 10, రాత్రి 7.42)

గులాబీ రంగు కొవ్వొత్తి లేదు మాస్టారూ. రిహార్సల్లో జ్ఞానులకు దీపం కావాలని అదే వెలిగించారట, సగానికి పైగా కరిగిపోయిందని మావాడు చెప్పాడు. మూడో గొల్లకు పని ఉండదు కాబట్టి అన్నీ చూస్తుంటాడు.