పలాస జీడి కార్మికులకు ఆన్‌లైన్ కోర్సు: ఎన్ని పనిగంటలు వేయాలి?

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి గంట నిడివి కోర్సు తయారు చేస్తున్నాం, పది నిమిషాల పాఠాలు ఆరు. గింజ తొక్కలోని నూనెతో చేతులు కాలకుండా జాగ్రత్తలు, శుభ్రత, పప్పు గ్రేడింగ్. ఫోన్లో చూసేలా ఉండాలి. కొటేషన్‌కి పనిగంటలు తేల్చడంలో సాయం కావాలి.

చాప్‌మన్ అలయన్స్ అనే శిక్షణరంగ పరిశోధన సంస్థ 2010 సర్వేలో గంట కోర్సు తయారీకి సాదా రకమైతే 79 పనిగంటలు, మధ్యరకానికి 184, సిమ్యులేషన్లున్నదానికి 490 సగటుగా తేలాయి. మాది మధ్యరకమే. అయినా 184 చాలదనిపిస్తోంది. 180, 240, 320 గ్రేడు (పౌనుకి సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె) పప్పుల తేడా చిన్న తెరమీద తెలియాలంటే దగ్గర నుంచి తీసిన ఫొటోలు కావాలి. మిషన్ల రొద వల్ల ఫ్యాక్టరీలో మాట రికార్డు కాదు, వేరేగా చెప్పించాలి. అన్నిటికన్నా గంటలు తినేది ఆలస్యంగా వచ్చే సవరణ. గొంతు రికార్డయ్యాక స్క్రిప్టులో ఒక్క వాక్యం మారినా ఆడియో, సబ్‌టైటిల్, స్లైడు టైమింగ్ మూడూ మళ్లీ చేయాల్సిందే. అందుకే స్క్రిప్టు మీద యజమాని, మేస్త్రీ ఇద్దరూ సరేనన్నాకే రికార్డింగ్ అని షరతు పెడుతున్నాం.

రెండు విడతల సమీక్షకి మొత్తంలో ఎంత శాతం విడిగా వేస్తారు? షూటింగ్‌ని ఇదే లెక్కలో కలుపుతారా, రోజు చొప్పున వేరే రాస్తారా? మూడిల్‌లో (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) స్కార్మ్ ప్యాకేజీని (అందులోకి ఎక్కించేలా కట్టిన కోర్సు ఫైలు) పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో పరీక్షించడానికి పాఠానికి రెండేసి గంటలు సరిపోతాయా? ఇలాంటివి చేసినవారు మీ అంకెలు చెప్పండి.