సబ్‌వూఫర్‌లో హమ్ పోవట్లేదు, కెపాసిటర్లే కారణమా?

మాది హనుమకొండ. ఇంట్లో పదంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్ (ఆంప్లిఫయర్ లోపలే ఉండే బేస్ స్పీకర్) ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి ఆన్ చేయగానే గుంయ్‌మని ఒకటే మోత. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అంతే. సౌండ్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ పీకేసినా తగ్గలేదు. అందుకే సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చే గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు కేబుల్ ద్వారా కలవడంతో వచ్చే మోత) కాదనుకుంటున్నాను. అదైతే కేబుల్ తీయగానే పోవాలి కదా.

స్పీకర్ వైర్లు విడదీసి మల్టీమీటర్ పెడితే 3.5 ఓమ్‌లు చూపించింది. 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఇది సరైన రీడింగే. 1.5 వోల్టుల బ్యాటరీ తాకిస్తే కోన్ చక్కగా కదులుతోంది, ఎక్కడా రాసుకోవట్లేదు. ఇక అనుమానమంతా పవర్ సప్లై మీదే. అందులో డీసీని నునుపు చేసే రెండు పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు ఉన్నాయి, 4700 మైక్రోఫారడ్, 50 వోల్టులవి. ఒకదాని పైభాగం ఉబ్బింది.

మెకానిక్‌కి చూపిస్తే బోర్డు మొత్తం మార్చాలన్నాడు. నాకు అది అన్యాయంగా అనిపిస్తోంది. ఇది నాన్న ఇష్టపడి కొన్నది, బాగుచేయగలిగిందైతే బాగుచేయాలనే నా పట్టుదల.

తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఉబ్బినదొక్కటి మారిస్తే చాలా, రెండూ మార్చాలా? షాపులో 63 వోల్టులవి దొరుకుతున్నాయి, మైక్రోఫారడ్ విలువ అదే కాబట్టి వేయొచ్చనుకుంటున్నాను, సరేనా? ముట్టుకునే ముందు ఛార్జ్ దించడానికి ఎంత రెసిస్టర్ వాడుతారు? మార్చాక మొదటిసారి సిరీస్ బల్బుతో (లోపముంటే ఎక్కువ కరెంటు పోకుండా మెయిన్స్ వైరుకి వరసలో పెట్టే బల్బు) ఆన్ చేసి, స్పీకర్ కలపకుండా టెర్మినళ్ల దగ్గర డీసీ కొలుద్దామనుకుంటున్నాను. అక్కడ ఎన్ని మిల్లీవోల్టుల వరకు ఉంటే భయం లేదు?

ఇంకొకటి, క్రాసోవర్ (సబ్‌వూఫర్ ఏ ఫ్రీక్వెన్సీ వరకు పలకాలో పెట్టే నాబ్) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే మా చిన్న హాల్లో బేస్ సోఫా దగ్గర పలచబడుతోంది. ఫేజ్ స్విచ్ (కోన్ కదలికను తిరగేసేది) 180 డిగ్రీలకి మార్చి చూడాలా, పెట్టెనే మూల నుంచి జరపాలా?