ఫొటోకు అడ్డొచ్చిన గడ్డి పీకాను, తప్పు చేశానా?

ప్రశ్న (మారతహళ్లి నుంచి):
పోయిన ఆదివారం చిక్కమగళూరు వైపు గడ్డి కొండల మీద హబెనేరియా అనే నేల ఆర్కిడ్ కనిపించింది. తెల్లని పూలకంకి, ఒక్కో పువ్వుకూ వెనక పొడవాటి తోక. అడ్డొచ్చిన గడ్డి నాలుగు పోచలు పీకి ఫొటో తీశాను. లేచాక తీసిన రెండో ఫొటోను ఇంట్లో పెద్దది చేసి చూస్తే, నేను మోకాలు ఆనించిన చోట అదే జాతి మొక్క ఆకులు నలిగిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. నా దగ్గర 90 మి.మీ. మాక్రో లెన్సు ఉంది. ఏమీ కదపకుండా ఎలా తీయాలి?

జవాబు (జయనగర్ నుంచి):
బాధపడ్డారంటేనే సగం నేర్చుకున్నట్టండి. హబెనేరియాకు నేలలో దుంప ఉంటుంది. ఈ వానల్లో ఆకులు కూడబెట్టిన తిండితోనే వచ్చే ఏటి దుంప ఊరుతుంది. ఆకు నలిగితే మొక్క బతకవచ్చు గానీ, మరుసటి ఏడు పూయకపోవచ్చు. దాని విత్తనం దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. మట్టిలోని శిలీంధ్రం ఆదుకుంటేనే మొలక నిలుస్తుంది. అందుకే పువ్వు చుట్టూ ఉన్న జానెడు నేల నాకు పువ్వంత ముఖ్యం.

నేను కెమెరా తీయకముందే ఐదు నిమిషాలు నేలను చూస్తాను. పూయని మొక్కలు గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. 300 మి.మీ. లెన్సు దొరికితే కాలిబాట మీద నుంచే తీయండి. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/4 దాకా తెరిస్తే, లెన్సుకు దగ్గరగా ఉన్న పోచ పచ్చని పొగలా కరిగిపోతుంది. మరీ అడ్డొస్తే ఎడమచేత్తో మెల్లగా పక్కకు పట్టుకొని, తీశాక వదిలేయండి. పువ్వును మాత్రం వేలితో తిప్పకండి. ఆర్కిడ్ పుప్పొడి పొడిగా రాలదు, ముద్దగా వేలికి అంటుకొని వచ్చేస్తుంది. రాత్రి తేనె కోసం వచ్చే పురుగు మోసుకెళ్లడానికి ఇక ఏమీ మిగలదు.

జవాబు (యలహంక నుంచి):
చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లకూ ఇదే జాగ్రత్త కావాలి. ద్రౌపదీమాల పూసిన కొమ్మను కిందికి లాగితే బెరడును పట్టుకున్న వేళ్లు ఊడిపోతాయి. ఇంకో మాట, చోటు పేరు ఎక్కడా రాయకండి. పాఫియోపెడిలమ్ డ్రూరీ అనే ఆర్కిడ్ పడమటి కనుమల దక్షిణ కొసన ఉన్న అగస్త్యమల కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. దాన్ని సేకరించేవాళ్లు తవ్వుకుపోయి ఎంత అరుదు చేశారో తలుచుకుంటే కోపం వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. ఫొటో కింద కొండ పేరు కూడా రాశాను, ఇప్పుడే తీసేశాను. 300 లెన్సు మా ఆఫీసులో ఒకరి దగ్గర ఉంది, రేపు అడుగుతాను.