లైబ్రరీ ఉన్నది పుస్తకాలకా, ఇల్లు లేనివాళ్ళకు నీడ ఇవ్వడానికా?

గ్రంథప్రియుడు:
అమెరికా పబ్లిక్ లైబ్రరీల్లో ఇల్లు లేనివాళ్ళ బాగోగులు చూడటానికి సోషల్ వర్కర్లను పెట్టడం మామూలైపోతోంది. శాన్ ఫ్రాన్సిస్కో లైబ్రరీ 2009లో ఆరోగ్యశాఖతో కలిసి ఈ పద్ధతి మొదలుపెట్టింది, తర్వాత చాలా ఊళ్ళు అదే దారి పట్టాయి. మంచి పనే, కాదనను. కానీ అది లైబ్రరీ పనేనా? 2017లో ఫిలడెల్ఫియా మెక్‌ఫెర్సన్ స్క్వేర్ లైబ్రరీ సిబ్బంది డ్రగ్స్ ఎక్కువై పడిపోయినవాళ్ళకు నాలాక్సోన్ మందు ఇవ్వాల్సి వచ్చింది. లైబ్రరీ సైన్స్ చదివింది అందుకా? ఊరు చేయాల్సిన పనంతా తెచ్చి లైబ్రరీ నెత్తిన పెడుతున్నారు.

సునీత_లైబ్రేరియన్:
"తెచ్చి పెడుతున్నారు" అంటున్నారు గానీ, ఇల్లు లేనివాళ్ళు ఎప్పటినుంచో మా దగ్గరే ఉన్నారండీ. వాళ్ళు రాత్రిళ్ళు తలదాచుకునే షెల్టర్లు చాలావరకు పొద్దున్నే ఖాళీ చేయిస్తాయి. సాయంత్రం దాకా ఎక్కడికెళ్ళాలి? ఏమీ కొనకుండా కూర్చోనిచ్చే చోటు, బాత్రూం, ఫోన్ ఛార్జింగ్, ఇంటర్నెట్ అన్నీ ఒక్కచోట దొరికేది లైబ్రరీలోనే. పైగా ఇంటి సాయానికీ ఉద్యోగానికీ దరఖాస్తులు ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. ఈమెయిల్ చూసుకోలేకపోతే వెయిటింగ్ లిస్టులో తన వంతు వచ్చిన సంగతి కూడా తెలియదు. ఆ ఫారం నింపడానికి సాయం అడిగితే అది రిఫరెన్స్ డెస్క్ పని, అంటే కావలసిన సమాచారం వెతికిపెట్టే మా పని, కాదంటారా?

సోషల్ వర్కర్ లేని చోట ఏం జరుగుతుందో కూడా చూడండి. ఎవరైనా గట్టిగా అరిస్తే సెక్యూరిటీ, వినకపోతే పోలీసులు. మాకున్న దారి అంతే. సోషల్ వర్కర్ ఉంటే ఆ మనిషికి మందులు అయిపోయాయా, ఐడీ కార్డు పోయిందా అని కూర్చోబెట్టి అడుగుతారు, నేను నా పని చూసుకుంటాను. మీ లెక్కన చూసినా ఇది లైబ్రేరియన్ నెత్తిన బరువు దించడమే కదా. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకప్పుడు ఇల్లు లేకుండా బతికినవాళ్ళనే ఉద్యోగంలోకి తీసుకుని, లైబ్రరీ అంతా తిరిగి ఇల్లు లేనివాళ్ళను పలకరించే పని ఇచ్చారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

వెంకట్77:
నిద్ర, వాసన సంగతి ఎవరూ ఎత్తరేం? నియమం అంటే అందరికీ నియమమే.

న్యాయవేది:
దీని మీద కోర్టు తీర్పులే ఉన్నాయి వెంకట్ గారూ. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో లైబ్రరీ నుంచి పంపేస్తున్నారని ఇల్లు లేని ఒకాయన కేసు వేశాడు. కింది కోర్టులో గెలిచాడు, 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. సమాచారం పొందడం రాజ్యాంగ హక్కేనని ఒప్పుకుంటూనే, పక్కవాళ్ళు భరించలేనంత దుర్వాసన ఉంటే పంపేసే నియమం చెల్లుతుందంది. మీలాంటివాళ్ళు ఇక్కడిదాకా చదివి ఆపేస్తారు. 2001లో వాషింగ్టన్ డీసీ లైబ్రరీ కేసులో మరో కోర్టు, "అభ్యంతరకరమైన వాలకం" ఉంటే రానివ్వని నియమం చెల్లదంది. ఎవరి వాలకం ఎలాంటిదో గుమ్మం దగ్గరి గార్డు ఇష్టానికి వదిలేయడం కుదరదు మరి. పక్కవాళ్ళకు కలిగే ఇబ్బంది మీద నియమం పెట్టుకోండి, పేదగా కనబడటం మీద కాదు. నిద్రపోకూడదు అన్నారా, పరీక్షలకు చదువుతూ కునుకు తీసే కాలేజీ కుర్రాణ్ణి కూడా లేపాలి. లేపుతున్నారా?

వెంకట్77:
లేపరు లెండి. కానీ ఆ వాసనలో కూర్చోవాల్సింది మీరు కాదుగా.

సునీత_లైబ్రేరియన్:
రోజూ కూర్చునేది మేమేనండీ :) బయటికి పంపేటప్పుడు స్నానం ఎక్కడ చేయొచ్చో, బట్టలు ఎక్కడ ఉతుక్కోవచ్చో చెప్పి, మళ్ళీ రమ్మంటే సగం గొడవ అక్కడే సద్దుమణుగుతుంది. అసలు లైబ్రరీ కార్డు దగ్గరే చాలామంది ఆగిపోతారు. అడ్రస్ ప్రూఫ్ అడిగితే ఇల్లు లేని మనిషి ఏం తెస్తాడు? షెల్టర్ అడ్రసు ఒప్పుకునే లైబ్రరీలున్నాయి, అన్నీ ఒప్పుకోవాలి. పేదవాళ్ళకు అడ్డయ్యే ఫీజులు, ఫైన్లు తీసేయాలని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1990లోనే విధానం పెట్టుకుంది.

గ్రంథప్రియుడు:
కార్డులు, ఫైన్లు, ఫారాలు లైబ్రరీ పనులే, వాటితో నాకు పేచీ లేదు. పేచీ డబ్బు దగ్గర. 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కలో దేశం మొత్తం మీద 7,71,480 మంది ఇల్లు లేనివాళ్ళు తేలారు. అదే ఏడు జూన్‌లో ఓరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ ఊరి కేసులో సుప్రీంకోర్టు, బయట మకాం వేసి పడుకునేవాళ్ళకు ఊళ్ళు జరిమానా వేయొచ్చంది. పార్కుల్లోంచి తరిమితే వాళ్ళొచ్చేది లైబ్రరీకే. అయితే ఆ ఖర్చు తరిమినవాళ్ళు భరించాలి. సోషల్ వర్కర్ జీతం ఆరోగ్యశాఖ పద్దులోంచి ఇస్తే సంతోషం. పుస్తకాల పద్దులోంచి తీస్తే మాత్రం ఒప్పుకోను.

సునీత_లైబ్రేరియన్:
ఇదే మాట మీ ఊరి కౌన్సిల్ బడ్జెట్ మీటింగుకి వచ్చి చెప్పండి. మేం చెబితే ఉద్యోగుల గోల అంటారు. కార్డున్నవాళ్ళు లేచి అడిగితే రాసుకుంటారు.