మౌంట్ విట్నీ: లాటరీలో పర్మిట్ రాలేదు, వేరే దారి ఉందా?

ప్రశ్న: మేం నలుగురం ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఆగస్టులో కాలిఫోర్నియా సియెరా కొండల్లోని మౌంట్ విట్నీ ఎక్కాలని ఎప్పటినుంచో ఆశ, కానీ పర్మిట్ల కోసం తీసే లాటరీలో పేరు రాలేదు. ఇంకేమైనా దారి ఉందా? వారం వారం మా ఊరి కొండ మిషన్ పీక్ ఎక్కుతుంటాం కాబట్టి నడక అలవాటే. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, తెల్లారుజామున నేరుగా ఎక్కడం మొదలుపెడదామనుకుంటున్నాం.

కొండదారి: అప్పుడే ఆశ వదులుకోకండి. మే 1 నుంచి నవంబర్ 1 దాకా ఒక్కరోజులో వెళ్ళొచ్చేవాళ్ళకి రోజుకి 100 మందికి, రాత్రి ఉండేవాళ్ళకి 60 మందికి పర్మిట్లు ఇస్తారు. గెలిచి కూడా ఖరారు చేసుకోనివాళ్ళవి, తర్వాత క్యాన్సిల్ చేసుకున్నవాళ్ళవి మళ్ళీ పర్మిట్లు బుక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లోకే వస్తాయి. నలుగురికీ ఒకేసారి దొరకడం కష్టం, ఇద్దరిద్దరుగా వెతకండి, శని ఆదివారాలు కాకుండా వారం మధ్యలో చూడండి.

బిషప్_బాబాయ్: పర్మిట్ సంగతి సరే, నాకు మీ శుక్రవారం ప్లాన్ చూస్తేనే టెన్షన్‌గా ఉందండీ. మిషన్ పీక్ 2,517 అడుగులు, ఇది 14,505. రానూపోనూ 22 మైళ్ళ నడక మీ కాళ్ళు తట్టుకుంటాయేమో గానీ, రాత్రంతా డ్రైవ్ చేసి నిద్ర లేకుండా సముద్రమట్టం నుంచి అంత ఎత్తుకి పోతే తల పగిలిపోతుంది, వాంతులవుతాయి. కనీసం ఒకట్రెండు రాత్రులు నడక మొదలయ్యే విట్నీ పోర్టల్‌లో (8,360 అడుగులు) గానీ, ఇంకా ఎత్తులో ఉన్న హార్స్‌షూ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్‌లో గానీ పడుకోండి. దారిలో వచ్చే మజిలీ ట్రయిల్ క్యాంప్‌లో నీళ్ళు నింపుకోండి, అక్కడ దాటితే 99 మలుపులు, పైన నీళ్ళు దొరుకుతాయని నమ్మకం లేదు. మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే వెనక్కి తిరిగెయ్యండి. శిఖరం మీద 1909లో కట్టిన రాతిగది ఉంది, పిడుగులు పడేటప్పుడు అందులో దూరితే ఇంకా ప్రమాదం.

సియెరా_పిచ్చి: ఇంకో మాట. దారి చాలావరకు జాన్ మ్యూర్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలోదే, దారిలో టాయిలెట్లుండవు. మలం సంచిలో కట్టి మోసుకుని దిగాల్సిందే, మొహమాటపడి రాళ్ళ కింద వదిలేయకండి, కింద అందరూ తాగేది ఆ నీళ్ళే. పోర్టల్ దగ్గర కారులో పులిహోర డబ్బా కాదు కదా, టూత్‌పేస్ట్ కూడా ఉంచొద్దు, ఎలుగుబంట్లు తలుపులు పీకేస్తాయి. అక్కడే ఇనప లాకర్లున్నాయి, వాటిలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ, రెండు రోజులు సెలవు పెడతాం. దారిలో ఒకరికి తలనొప్పి మొదలైతే వాళ్ళని కూర్చోబెట్టి మిగతావాళ్ళం పైకి వెళ్ళొచ్చా?

బిషప్_బాబాయ్: వద్దు. ఒంటరిగా వదలకండి. ఒకరైనా తోడుగా దిగండి, తగ్గకపోతే పోర్టల్ దాకా దిగిపోండి.