రన్ అంటే పరుగేనా? చిన్న ఇంగ్లీష్ మాటలతో మీ తిప్పలు రాయండి

కృష్ణలంక కుర్రాడు:
మా తమ్ముడు ఐఈఎల్‌టీఎస్‌ అనే ఇంగ్లీష్ పరీక్షకు చదువుతున్నాడు. నోరు తిరగని పదాలు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నిన్న ప్రాక్టీస్ టెస్ట్‌లో "ది అలారం వెంట్ ఆఫ్" అని వినిపిస్తే, అలారం ఆగిపోయిందని టిక్కు పెట్టాడు. అది మోగిందట! లైటు ఆఫ్ అయితే ఆరిపోవడం, అలారం ఆఫ్ అయితే మోగడం, ఇదెక్కడి న్యాయం? ఆ, ఇది మనకు తెలిసిన మాటేలే అని దాటేశాక ఇరికించేవి మీకేం తగిలాయో చెప్పండి. పెద్ద పదాలు వద్దు, వాటిని ఎలాగూ బట్టీ పడుతున్నాడు.

పాత ఇంగ్లీష్ మాస్టారు:
బాబూ, అక్కడ గో ఒక్కటీ చూడకూడదు, ఆఫ్ ఒక్కటీ చూడకూడదు. రెండూ కలిస్తే వేరే మాట. అది కూడా పక్కన ఏ వస్తువుందో దాన్నిబట్టి మారుతుంది. బాంబు "వెంట్ ఆఫ్" అంటే పేలింది. బ్రిటన్‌లో పాలు "వెంట్ ఆఫ్" అంటే పాడైపోయాయి.

ఇక చిన్న మాటల్లో పెద్దన్న రన్. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియదే అన్నిటికన్నా పొడవైన వివరణ, దాదాపు 430 అర్థాలు. తర్వాత సవరణల్లో రన్ క్రియ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. హడలిపోనక్కర్లేదు, రోజూ పనికొచ్చేవి పది పన్నెండుకు మించవు. ముక్కు రన్ అవుతుంటే కారుతోందని. ఉతికినప్పుడు చీర రంగు రన్ అయితే దిగిపోతోందని. కొట్టు రన్ చేస్తున్నాడంటే నడుపుతున్నాడు. రెడ్ లైట్ రన్ చేశాడంటే సిగ్నల్ పడ్డా ఆగకుండా దూసుకుపోయాడు.

ఎన్నికల దగ్గర ఒక తమాషా ఉంది. అమెరికాలో అభ్యర్థి రన్ చేస్తాడు, బ్రిటన్‌లో స్టాండ్ చేస్తాడు. మనవాళ్లు ఎమ్మెల్యేగా ‘నిలబడ్డాడు’ అంటారు కాబట్టి ఈ విషయంలో మన ఓటు బ్రిటన్‌కే.

డాలస్ కోడలు:
అమెరికా వచ్చేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది "ఐయామ్ గుడ్". మా అత్తయ్యగారు ఇక్కడున్నప్పుడు పక్కింటావిడను కాఫీకి పిలిచాం. ఇంకొంచెం పొయ్యనా అని నేను అడిగితే ఆవిడ నవ్వుతూ "ఓ, ఐయామ్ గుడ్" అంది. అత్తయ్యగారికి గుడ్ అన్నది ఒక్కటే వినిపించింది. కాఫీ అంత బాగుందా తల్లీ అని మురిసిపోయి, నేను ఆపేలోపే కప్పు అంచుదాకా నింపేశారు. పాపం ఆవిడ మొహమాటానికి అదీ తాగింది. ఇక్కడ ఆ మాటకు ‘చాలు, వద్దు’ అని అర్థం.

తినడానికి వెళ్తే "ఫర్ హియర్ ఆర్ టు గో" అంటారు. ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా అని. మనం పార్సిల్ అంటే వాళ్లకు పోస్టులో వచ్చే డబ్బా గుర్తొస్తుంది. తిన్నాక బిల్లును చెక్ అంటారు. బిల్లు అంటే డాలర్ నోటు కూడా.

హన్మకొండ పోరడు:
వదినా, అత్తయ్య సూపర్ 😂 మా దోస్తు రెజ్యూమెల "పాస్డ్ అవుట్ ఇన్ 2019" అని రాసిండు. ఇంటర్వ్యూల అమెరికా మేనేజర్ ‘ఇప్పుడు ఆరోగ్యం మంచిగనే ఉందా’ అని అడిగిండట. వాళ్ల దిక్కు అట్ల అంటే సోయి తప్పి పడిపోయినట్టు. గ్రాడ్యుయేటెడ్ అని రాసుకోండి, లొల్లి ఉండదు.

కాకినాడ టు లండన్:
తమ్ముడూ, అది మరీ అంత తప్పేం కాదు. బ్రిటిష్ సైన్యంలో ట్రైనింగ్ పూర్తయితే పాస్ అవుట్ అయ్యాడనే అంటారు. మన పోలీసుల పాసింగ్ అవుట్ పరేడ్ ఆ కోవదే. మనం కాలేజీకి కూడా వాడేస్తున్నాం, అంతే.

నాకు మీటింగుల్లో తగిలింది ‘టేబుల్’. బ్రిటన్‌లో ఒక విషయాన్ని టేబుల్ చేద్దాం అంటే ఇప్పుడే చర్చకు పెడదాం అని. అమెరికాలో సరిగ్గా తిరగేసి, ప్రస్తుతానికి పక్కన పెడదాం అని. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ మాట మీదే బ్రిటిష్, అమెరికన్ అధికారులు చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటే. మా ఆఫీసులో న్యూయార్క్ వాళ్లు కాల్‌లో ఉంటే ఆ మాట ఎవరూ ఎత్తరు, ‘ఇప్పుడు మాట్లాడదామా, తర్వాతా’ అని తిన్నగా అడుగుతారు.

లోన్ సెక్షన్:
మా బ్యాంకు మాట ఒకటి. లోన్ శాంక్షన్ అయిందంటే కస్టమర్ మొహం వెలిగిపోతుంది. అదే శాంక్షన్స్ ఇరాన్ మీద పెడితే ఆంక్షలు! ఒకటి అనుమతి, ఇంకొకటి శిక్ష. పాత అర్థం చట్టం, శాసనం అట. చట్టం ఒప్పుకుంటే అనుమతి, అది దాటితే పడేది శిక్ష, రెండూ అందులోంచే పుట్టాయి. తమ్ముడికి న్యూస్ వినే అలవాటుంటే ఇది పనికొస్తుంది.

రాజమండ్రి రాణి:
ఇంగ్లీష్‌ను అంత ఆడిపోసుకోకండి. మన ‘కొట్టు’ సంగతేంటి? కొబ్బరికాయ కొడతాం, ఈత కొడతాం, కాపీ కొడతాం, కన్ను కొడతాం. సినిమా బోరు కొడుతుంది, చేపల బుట్ట వాసన కొడుతుంది. సాయంత్రం మందు కొట్టేవాళ్లు వేరే. పైన మాస్టారు ‘కొట్టు రన్ చేస్తున్నాడు’ అన్నారు, అది మళ్లీ దుకాణం! మా ఇంట్లో తెలుగు నేర్చుకుంటున్న తమిళ కోడలికి ఇవన్నీ వివరించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి విడిగా అర్థం చెప్పడం మానేసి, జంటలుగా వాక్యాల్లో పెట్టి వినిపించా. అప్పుడు పట్టుకుంది. మీ తమ్ముడికీ అదే చేయండి.

కృష్ణలంక కుర్రాడు:
థాంక్స్ అక్కా, ఇవాళ ఆఫ్ ఒక్కదాన్నే పట్టుకుని వాక్యాలు రాయించా. విమానం, చొక్కా రెండూ టేక్ ఆఫ్ అని నవ్వుకున్నాడు. కాల్ ఆఫ్, పుట్ ఆఫ్ దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. తేడా ఏంటి మాస్టారూ?

పాత ఇంగ్లీష్ మాస్టారు:
పెళ్లి కాల్ ఆఫ్ చేశారంటే రద్దు. పుట్ ఆఫ్ చేశారంటే వాయిదా, ముహూర్తం మారింది, భోజనాలు ఉంటాయి. అయితే "హిజ్ మ్యానర్స్ పుట్ మీ ఆఫ్" అంటే వాయిదా కాదు, అతని తీరు చూసి నాకు మనసు విరిగిందని. పరీక్షలో ఇదే ఎక్కువ ఇరికిస్తుంది, రెండూ పక్కపక్కన రాయించండి.